సుగ్గి మూటలో మందు పొట్లం

ఖరీఫ్ పంట ఇంటికి చేరాక ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో ఒక్కో ఇంటికీ తాళం పడుతూ వస్తుంది. వాన సరిగా పడని ఏడాది అయితే అంతకు ముందే పడుతుంది. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, నందవరం మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే ‘సుగ్గి’కి బయలుదేరతాయి. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం, పంట చేతికొచ్చే సంబరం. ఇటు పడమటి కర్నూలులో మాత్రం అదే మాట పొట్టకూటి కోసం ఊరు విడిచిపోవడానికి పేరైంది. కొందరు పత్తి తీయడానికి తెలంగాణకు, కొందరు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపుకు, ఇంకొందరు కట్టుబడి పనులకు బెంగళూరుకు పోతారు.

మూటలోకి ముందు బియ్యం, జొన్నలు చేరతాయి. తర్వాత గిన్నెలు, దుప్పట్లు. అంతా సర్దాక ఇంటి పెద్దామె పాత చీర పేలికలో ఇంకొన్ని ముడివేస్తుంది. శొంఠి కొమ్ము, వాము, మిరియాలు, పసుపు, చంటిబిడ్డ ఉంటే వస కొమ్ము, అరగదీసే చిన్న రాయి, దాంతో పాటు ఒక జిందా తిలిస్మాత్ సీసా. బిడ్డ మెడలో తాయెత్తు ఎలాగూ ఉంటుంది. ఆ తాయెత్తు హనుమంతుడి గుడిలో కట్టించిందైనా కావచ్చు, దర్గాలో కట్టించిందైనా కావచ్చు. చాలా ఇళ్లలో రెండూ ఉంటాయి.

ఊరు మారినా మనిషి తన మందును మార్చుకోడు. ఇది ఒక్క ఆదోని సంగతి కాదు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో డియర్‌బోర్న్ అనే పట్టణముంది. లెబనాన్, యెమెన్, ఇరాక్‌ల నుంచి వెళ్లిన అరబ్బులు పెద్ద సంఖ్యలో అక్కడ స్థిరపడ్డారు. ఫోర్డ్ కార్ల కర్మాగారాల్లో పనిచేయడానికి వచ్చినవాళ్ల వారసులూ, యుద్ధాల నుంచి తప్పించుకొని వచ్చినవాళ్లూ వారిలో ఉన్నారు. వాళ్ల కోసం 1971లో పుట్టిన ‘యాక్సెస్’ అనే సంస్థ ఇవాళ ఆరోగ్య కేంద్రాన్ని కూడా నడుపుతోంది. ఆ దేశపు ఆస్పత్రులకు ఎదురైన ప్రశ్న ఇది: ఇక్కడి డాక్టరు రాసిచ్చిన మాత్రతో పాటు ఈ మనుషులు ఇంట్లో ఇంకేం వాడుతున్నారు? నల్లజీలకర్ర నూనె, తేనె, మెంతుల కషాయం, గాట్లు పెట్టి నెత్తురు తీసే హిజామా, మక్కా నుంచి తెచ్చే జంజం నీళ్లు, ఖురాన్ చదివి ఊదిన నీళ్లు... ఈ జాబితా చూస్తే పడమటి కర్నూలు మనిషికి కొత్తగా అనిపించేది ఏముంది?

కొత్తగా అనిపించకపోవడానికి గట్టి కారణమే ఉంది. అరబ్బుల వైద్యం ఇక్కడికి వచ్చి కొన్ని వందల ఏళ్లయింది.

ఆదోని కోటను 17వ శతాబ్దంలో బీజాపూర్ సుల్తానుల తరఫున ఏలిన సిద్ది మసూద్ ఖాన్ హబ్షీ, అంటే ఆఫ్రికా మూలాలున్న మనిషి. ఆదోనిలోని షాహీ జామియా మసీదు కట్టించింది ఆయనే. 1688లో కోట మొగలుల చేతికి పోయింది. ఆ తర్వాత హైదరాబాదు పాలకుడు నిజాం అలీ ఖాన్ సోదరుడు బసాలత్ జంగ్ ఆదోనిని తన జాగీరుకు ముఖ్యపట్నం చేసుకున్నాడు. ఇలాంటి దర్బారులున్న చోటికి సైనికులు వస్తారు, వర్తకులు వస్తారు, వాళ్ల వెంట హకీములూ వస్తారు. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ దగ్గర అరబ్ సైనికులు, రోహిల్లాలు జీతానికి ఉండేవారు. 1839 అక్టోబరులో కర్నూలు పక్కనే జొహరాపురం దగ్గర ఇంగ్లీషు సైన్యంతో తలపడినవాళ్లలో ఆ అరబ్బులూ ఉన్నారు. హైదరాబాదులో అయితే యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరినవాళ్లకు ఒక పేటే ఉంది. సైనికుల ‘బ్యారక్స్’ అనే మాటే అరిగి అరిగి ఆ పేట పేరు బార్కస్ అయింది. 1948 పోలీసు చర్య తర్వాత వాళ్లలో చాలామందిని వెనక్కి పంపించారు. మిగిలిన కుటుంబాలు అక్కడే ఉండిపోయి తెలుగు నేల మనుషులైపోయాయి. తెలుగువాళ్ల మధ్య అరబ్ వలసదారుల గురించి మాట్లాడాలంటే మొదట చెప్పుకోవలసింది వీళ్ల గురించే.

ఈ దర్బారులకు వచ్చిన హకీములు తెచ్చిన వైద్యానికి పేరు యునాని. అయోనియా, అంటే గ్రీకుల నేల నుంచి వచ్చింది అని ఆ మాటకు అర్థం. గ్రీకుల వైద్యాన్ని అరబ్బులు తమ భాషలోకి తెచ్చుకున్నారు, పెంచారు. 980లో పుట్టి 1037లో చనిపోయిన ఇబ్న్ సీనా దానికి ‘కానూన్’ అనే గొప్ప గ్రంథం రాసిపెట్టాడు. నెత్తురు, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అనే నాలుగింటి సమతూకమే ఆరోగ్యమని దాని సిద్ధాంతం. వాత పిత్త కఫాలు తెలిసిన ఊళ్లో ఈ లెక్క ఎవరికీ వింతగా తోచలేదు. ఆయుర్వేదం మందుల అంగడిలోనే యునాని సరుకూ దొరకడం మొదలైంది. పెద్దవాళ్లు విరేచనం సాఫీగా కావడానికి వాడే సునాముఖి ఆకు సంగతే చూడండి. అచ్చ తెలుగు పేరులా వినిపించే ఆ మాట ‘సనా మక్కీ’ అనే అరబ్బీ మాటకు మారు రూపం. మక్కా నుంచి వచ్చే సనా ఆకు అని దాని అర్థం. ఇక్కడి గట్ల మీద పసుప్పచ్చగా పూసే తంగేడుకు అది దగ్గరి చుట్టమే.

జిందా తిలిస్మాత్ కథా ఇలాంటిదే. హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో హైదరాబాదులో దీన్ని తయారుచేశారు. ప్రధానంగా నీలగిరి తైలం. జలుబుకు ఆవిరి పట్టుకుంటారు, తలనొప్పికి కణతలకు రాస్తారు, కడుపునొప్పికి రెండు చుక్కలు నీళ్లలో వేసుకుంటారు. తిలిస్మాత్ అనే అరబ్బీ మాటకు మూలం కూడా గ్రీకే. సీసా మీదుండే ఆఫ్రికన్ మనిషి బొమ్మ చూసినప్పుడల్లా ఆదోని మసీదు కట్టించిన హబ్షీ పాలకుడు గుర్తుకు రావడం సహజం. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని రోజంతా కూర్చునే ఎమ్మిగనూరు నేతగాడికి ఆ సీసా ఏ మతం వాళ్లదో, ఏ దేశపు శాస్త్రం ప్రకారం చేసిందో అక్కర్లేదు. నడుము నొప్పి తగ్గితే చాలు.

ఇబ్న్ సీనాకూ రాయలసీమకూ ఇంతకంటే దగ్గరి సంబంధం ఇంకొకటుంది. అది నారి కురుపు.

యాభై దాటినవాళ్లకు ఈ పేరు వింటేనే ఒళ్లు జలదరిస్తుంది. కాలి మీద బొబ్బ లేస్తుంది. మంట భరించలేక నీళ్లలో కాలు పెడితే బొబ్బ పగిలి తెల్లటి దారం కొస లాంటిది బయటికి వస్తుంది. అది పురుగు. మీటరు పొడవు దాకా ఉంటుంది. గట్టిగా లాగితే తెగిపోతుంది. తెగితే లోపల చీము పట్టి కాలే పోవచ్చు. అందుకని సన్నటి పుల్లకు ఆ కొసను చుట్టి, రోజుకు కొంచెం కొంచెంగా, వారాల తరబడి తిప్పుతూ బయటికి తీసేవారు. ఓపికే దానికి మందు. సరిగ్గా ఈ పురుగునే ఇబ్న్ సీనా వెయ్యేళ్ల కిందట ‘మదీనా నరం’ అనే పేరుతో వర్ణించాడు. ఇప్పటికీ శాస్త్రవేత్తలు దాన్ని పిలిచే లాటిన్ పేరులో మదీనా ఉంది. అక్కడి ఎడారిలోనూ ఇక్కడి నల్లరేగడిలోనూ వైద్యం ఒకటే, పుల్లకు చుట్టి తీయడం. ఇంతకంటే మెరుగైన పద్ధతి పెద్దాస్పత్రి డాక్టర్ల దగ్గర కూడా లేదు. పురుగును చంపే మాత్రగానీ, టీకాగానీ ఇప్పటికీ లేవు.

అయినా నారి కురుపు పోయింది. దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ జబ్బు భారతదేశంలో లేదని ధ్రువీకరించింది. దాన్ని పోగొట్టింది పసరు కాదు, మాత్రా కాదు. జనం కాళ్లు ముంచి నీళ్లు తోడుకునే దిగుడు బావులను మూసి బోర్లు వేశారు, నీళ్లు వడగట్టుకోవడానికి గుడ్డలు పంచారు, ఊరూరా తిరిగి రోగులను వెతికారు. నాటు వైద్యం గొప్పదా, ఇంగ్లీషు వైద్యం గొప్పదా అని వాదించుకునేవాళ్లు ఈ ఒక్క కథను శ్రద్ధగా చదివితే చాలు. రెండు వైద్యాలూ చేతులెత్తేసిన జబ్బును మంచినీళ్లు గెలిచాయి.

పచ్చకామెర్ల కథ అంత శుభంగా ముగియలేదు.

సుగ్గికి పోయినచోట తాగే నీళ్లు ఎలాంటివో చెప్పనక్కర్లేదు. చేను పక్కన వేసుకున్న పట్టాల గుడారం, కాలువ నీళ్లు, ఆరుబయట మరుగు. హెపటైటిస్ ఎ, ఇ అనే వైరస్‌లు కలుషితమైన నీటి ద్వారా వచ్చేవే. కళ్లు పచ్చబడగానే ఇంటివాళ్లు వెతికేది పసరు పోసేవాణ్ని. ఎక్కువగా నేల ఉసిరి పసరు, దాంతో పాటు పథ్యం. ఉప్పు, నూనె, కారం, మాంసం, సారా బంద్. కొన్నిచోట్ల పసరుతో ఆగరు. ఎర్రగా కాల్చిన ఇనుముతో చేతి మీద చుక్క పెడతారు. అరబ్ దేశాల పల్లెల్లో కామెర్లను ‘అబూ సఫార్’ అంటారు. అక్కడా మణికట్టు మీద కాలుస్తారు. యునానిలో పసుపు పిత్తానికి పేరు సఫ్రా, ఆ సఫార్‌దీ ఈ సఫ్రాదీ ఒకే మూలం. ఎక్కడి హద్రమౌత్, ఎక్కడి హొళగుంద! రెండుచోట్లా తల్లి ఒడిలో పసివాడు అదే కాలిన ఇనుముకు కెవ్వుమంటాడు.

ఆ పసరు పనిచేస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లున్నారు. 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ఒక ఫలితం ప్రచురించారు. హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో ఉండిపోయిన వాళ్లలో నేల ఉసిరి వాడిన 37 మందిలో 22 మందికి రక్తంలో ఆ వైరస్ గుర్తు కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు ఇచ్చిన 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ప్రపంచమంతా ఉలిక్కిపడి చూసింది. ఎన్నో దేశాల్లో మళ్లీ పరీక్షలు చేశారు. ఆ ఫలితం మళ్లీ రాలేదు. ఆ మొక్కలో ఏమీ లేదని కొట్టిపారేయడానికీ లేదు, అది కామెర్లను నయం చేస్తుందని చెప్పడానికీ లేదు.

మరి ఊళ్లో ఇంతమంది ‘నాకు తగ్గింది’ అని ప్రమాణం చేసి ఎందుకు చెబుతారు? వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. నీళ్ల ద్వారా వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గిపోతాయి. పసరు పోసినా తగ్గుతాయి, పోయకపోయినా తగ్గుతాయి. పథ్యం పేరుతో సారా మానేయడం మాత్రం కాలేయానికి నిజంగా మేలు చేస్తుంది. ఆ మేరకు పసరు పోసే ముసలాయన మంచి వైద్యుడే. చిక్కు ఎక్కడంటే, కళ్లు పచ్చబడటం ఒకే జబ్బు కాదు. పిత్తాశయంలో రాయి అడ్డుపడినా, తాగి తాగి కాలేయం చెడినా, ఎలుక జ్వరం వచ్చినా కళ్లు అలాగే పచ్చబడతాయి. నిండు గర్భిణికి హెపటైటిస్ ఇ వస్తే పరిస్థితి భయంకరం. ఏడో నెల దాటినవాళ్లలో నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సుగ్గికి పోయే ఆడవాళ్లలో గర్భిణులూ ఉంటారు. పసరు కోసం వాళ్లు వారం రోజులు ఆగితే ఆ వారం తిరిగి రాదు.

అయినా వాళ్లు ఎందుకు ఆగుతారో అర్థం చేసుకోకుండా తిట్టడం అన్యాయం. ఆదోని నుంచి కర్నూలు పెద్దాస్పత్రికి సుమారు 100 కిలోమీటర్లు. అందుకే ఇక్కడివాళ్లు బళ్లారికి, రాయచూరుకూ పోతుంటారు. 1953 దాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఆస్పత్రికి పోతే ఆ రోజు కూలి పోయినట్టే, తోడు వచ్చినవాళ్ల కూలీ పోయినట్టే. వలస పోయిన చోట అయితే ఆస్పత్రి ఎక్కడుందో తెలియదు, బెంగళూరులో భాష రాదు, మేస్త్రీ సెలవివ్వడు. అడ్వాన్సు తీసుకొని వచ్చినవాడు మధ్యలో మంచాన పడితే ఆ లెక్క పైసీజనుకు పోతుంది. దగ్గరున్న ఆరెంపీ ఒక సూది వేసి పంపిస్తాడు. నాటు వైద్యుడు మాత్రం కూర్చోబెట్టి మాట్లాడతాడు, ఏం తిన్నావు, ఏం కల వచ్చింది, ఎవరితో పోట్లాడావు అని అడుగుతాడు, డబ్బు తర్వాత ఇవ్వమంటాడు. నమ్మకం పుట్టేది అక్కడే. డియర్‌బోర్న్‌లోని యెమెనీ తల్లిదీ ఇదే అనుభవం. భాష తెలియని చోట, తన మాట వినేవాళ్ల కోసం ఆమె కూడా వెతుక్కుంటుంది.

దేవుడి మందు సంగతీ ఇందులోనే చెప్పాలి. మంత్రాలయం రాఘవేంద్ర స్వామి బృందావనం నుంచి తెచ్చిన మృత్తికను నీళ్లలో కలిపి రోగికి పట్టడం ఈ ప్రాంతపు ఆచారం. కౌతాళం ఖాదర్‌లింగ స్వామి దర్గాకు హిందువులూ ముస్లింలూ కలిసే పోతారు. హజ్‌కు పోయి వచ్చినవాళ్లు తెచ్చిన జంజం నీళ్లు ఇరుగుపొరుగుకు పంచుతారు. చిన్నమ్మవారు పోసిన ఇంటి గడపకు వేపమండలు కడతారు, ఆ పది రోజులూ పిల్లవాణ్ని ఎవరూ కోప్పడరు, పక్క ఇంటివాళ్లు రారు. వీటిని వెటకారం చేసే హక్కు ఎవరికీ లేదు. జబ్బు మనిషికి ధైర్యం కావాలి. చిన్నమ్మవారి విషయంలో అయితే రోగిని విడిగా ఉంచడం అనే మంచి పద్ధతి ఆ ఆచారంలోనే ఉంది. మొక్కు మొక్కుకొని ఆస్పత్రికి పోతే ఏ దేవుడూ కాదనడు. మొక్కు తీరేదాకా ఆస్పత్రికి పోను అంటేనే ప్రమాదం.

ప్రమాదాల్లోకెల్లా పెద్దది పాము కాటు. 2000 నుంచి 2019 దాకా భారతదేశంలో పాము కాటుతో చనిపోయినవాళ్లు దాదాపు 12 లక్షల మంది అని ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. అంటే ఏటా సగటున 58,000 మంది. ఎక్కువ మరణాలు నమోదయ్యే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. పోయేది పొలంలో పనిచేసేవాళ్లు, పొలం గట్టున పడుకునేవాళ్లు. మంత్రం వేస్తే బతికాడు అనే మాట పుట్టడానికీ కారణం ఉంది. కరిచిన పాములన్నీ విషప్పాములు కావు. విషప్పాము కరిచినా ప్రతిసారీ విషం దించదు. అలాంటివాళ్లు మంత్రం వేయకపోయినా బతుకుతారు. ఆ పేరు మంత్రగాడికి పోతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర కరిచి విషం ఎక్కితే ఒకే ఒక్క మందు ఉంది, విష విరుగుడు సూది. ఇందులో పసరుకు, హిజామాకు, నోటితో పీల్చడానికి చోటు లేదు. ఈ ఒక్క విషయంలో మెత్తగా మాట్లాడటం తప్పు.

హిజామా అంటే చర్మం మీద చిన్న గాట్లు పెట్టి కప్పులతో నెత్తురు లాగడం. ప్రవక్త ఆచరణగా ముస్లింలు దాన్ని గౌరవిస్తారు. తెలుగు పట్టణాల్లో ఇటీవల దాని బోర్డులు పెరిగాయి. ఇది కూడా మనకు కొత్త కాదు. ఆవు కొమ్ముతో, జలగతో, సొరబుర్రతో చెడు నెత్తురు తీయడం సుశ్రుతుడు చెప్పిందే. ఒకరికి వాడిన బ్లేడు ఇంకొకరికి వాడితే హెపటైటిస్ బి, సి, ఎయిడ్స్ అంటుకోవచ్చు. చేయించుకునేవాళ్లు కళ్ల ముందే కొత్త బ్లేడు విప్పమని అడగాలి. అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు.

ఎముక విరిగితే ఇక్కడివాళ్లకు గుర్తుకొచ్చేది పుత్తూరు కట్టు. చిన్న చిన్న బెణుకులకు ఆ కట్టు వేయించుకొని బాగుపడినవాళ్లు లెక్కలేనంతమంది. కానీ కట్టు మరీ బిగిస్తే కింది భాగానికి నెత్తురు అందదు. వేళ్లు నల్లబడతాయి, తిమ్మిరెక్కుతాయి. ఎముక గుచ్చుకొని చర్మం చిట్లినప్పుడు, వేళ్ల కొసలు చల్లబడినప్పుడు కట్టు విప్పించి ఎక్స్‌రే ఉన్న చోటికి పోవాల్సిందే.

పొడుల సంగతి వేరు. మోకాళ్ల నొప్పులకు, ఆయాసానికి సంతలో, బస్టాండు పక్కన పేరు లేని పొట్లాలు అమ్ముతారు. ఒక్క రోజులో నొప్పి మాయమవుతుంది. అంత త్వరగా మాయమైందంటే అందులో స్టెరాయిడ్ కలిపి ఉందేమోనని అనుమానించాలి. మన దేశంలో ఇలాంటి కల్తీ పదేపదే బయటపడింది. నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు పెళుసెక్కుతాయి. షుగర్‌ను పూర్తిగా నయం చేస్తామని ప్రకటన వేయడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. ఆ ప్రకటనలు ఇప్పటికీ గోడల మీద ఉన్నాయి.

సీసం ఇంకా మౌనంగా చంపుతుంది. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో భారతీయుల అంగళ్లలో అమ్ముతున్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే వాటిలో 14 మందుల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో ఉంది. 2011-12లో న్యూయార్క్‌లో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉన్నట్టు తేలింది, వాళ్లంతా ఆయుర్వేద మందులు వాడినవాళ్లు. గల్ఫ్ దేశాల్లో పుట్టిన బిడ్డకు కడుపునొప్పి రాకుండా ‘బింత్ అల్ దహబ్’ అనే పొడిని తేనెలో రంగరించి నాకించే అలవాటు ఉండేది. బంగారు కూతురు అని ఆ పేరుకు అర్థం. ఆ పొడి సీసపు ఆక్సైడు. ఎంత ప్రేమతో పెట్టిన పేరు, ఎంత విషం! పిల్లల కళ్లకు పెట్టే సుర్మాలోనూ సీసం ఉండే అవకాశం ఉంది. ఆముదం దీపం మసితో ఇంట్లో పట్టిన కాటుకలో అది ఉండదు. ఈ తేడా మన ఇళ్లలో చెప్పేవాళ్లు లేరు.

వస సంగతీ అంతే. త్వరగా మాటలు రావాలని చంటిబిడ్డకు వస కొమ్ము అరగదీసి పోస్తారు. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అని ముద్దుగా పిలవడం అందుకే. వసలో ఉండే ఒక రసాయనం జంతువుల్లో క్యాన్సర్ కలిగించిందని తేలడంతో 1968లోనే అమెరికా దాన్ని తిండి పదార్థాల్లో నిషేధించింది. రాయి మీద ఒక్కసారి అరగదీసిన చుక్కకూ రోజూ పోసే గరిటెకూ తేడా ఉంటుంది. ఆ తేడా ఎంతో కొలిచి చెప్పాల్సిన శాస్త్రం అమ్మమ్మల దాకా రాలేదు.

ఈ మూటలు సముద్రం కూడా దాటుతున్నాయి. గల్ఫ్‌కు పోయే తెలుగు కూలీలు ఇక్కడి నుంచి మందులు కట్టుకొని పోతారు. చరిత్ర తలకిందులైంది. ఒకప్పుడు అరబ్బులు కొలువు కోసం తెలుగు నేలకు వచ్చారు, ఇప్పుడు తెలుగువాళ్లు పొట్ట చేతపట్టుకొని అరబ్బుల నేలకు పోతున్నారు. ఆ ప్రయాణంలో ఒక పొట్లం మనిషిని జైలుకు పంపగలదు. మన వంటింట్లో మామూలుగా ఉండే, నిద్ర పట్టడానికీ, విరేచనాలు కట్టుకోవడానికీ వాడే గసగసాలు సౌదీ అరేబియాలోనూ, యూఏఈలోనూ నిషిద్ధం. నొప్పి మాత్రల్లోనూ కొన్ని అక్కడ మత్తు పదార్థాల కిందికి వస్తాయి. పాస్‌పోర్టు ఇప్పించే ఏజెంటు ఈ ముక్క చెప్పడు.

కరోనా కాలంలో ఈ ప్రశ్న రాష్ట్రమంతటికీ ఎదురైంది. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే మందు కోసం వేల మంది తోసుకున్నారు. ప్రభుత్వం కొద్ది రోజులు ఆపి, పరీక్షలు చేయించి, ఆ నెలాఖరుకు కంటి చుక్కలు తప్ప మిగతా మందుకు అనుమతించింది. ఆ తోపులాటలో నిలబడ్డవాళ్లు అజ్ఞానులు కారు. ఆక్సిజన్ మంచం దొరకని రోజుల్లో ఇంకెక్కడికి పోతారు? నాటు మందుకు బారులు తీరారంటే ఆస్పత్రిలో చోటు లేదని కూడా అర్థం.

ప్రభుత్వాలు ఈ వైద్యాలను పట్టించుకోవడం లేదనడం సరికాదు. 2014లో కేంద్రంలో ఆయుష్‌కు విడిగా మంత్రిత్వ శాఖ ఏర్పడింది. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ పేరుతో యునాని వైద్య కళాశాల ఉంది. హైదరాబాదు చార్మినార్ పక్కనే నిజామియా తిబ్బీ కళాశాల, ఆస్పత్రి ఉన్నాయి. ఎర్రగడ్డలోని చర్మవ్యాధుల జాతీయ యునాని పరిశోధన సంస్థకు బొల్లి మచ్చల వైద్యంలో పేరుంది. 2022 జులై నుంచి 2023 జూన్ దాకా జరిగిన జాతీయ సర్వేలో అంతకు ముందు ఏడాదిలో ఆయుష్ వైద్యాన్ని ఏదో రూపంలో వాడామని చెప్పినవాళ్లు పల్లెల్లో నూటికి 46 మంది దాకా, పట్టణాల్లో 53 మంది దాకా ఉన్నారు. పల్లెల్లోకంటే పట్టణాల్లోనే ఎక్కువ అన్నది గమనించాలి. చదువు లేనివాళ్లే ఇవి వాడతారనే మాటకు ఈ సర్వేతో కాలం చెల్లింది.

ఇంత వాడుతూ కూడా ఎవరూ డాక్టరుకు చెప్పరు. అసలు లోపం అక్కడుంది. 1990లో అమెరికన్ల మీద జరిగిన ఒక ప్రసిద్ధ సర్వేలో ఇలాంటి వైద్యాలు వాడినవాళ్లలో నూటికి 72 మంది ఆ సంగతి తమ డాక్టరుకు చెప్పలేదని తేలింది. చదువుకున్న అమెరికన్ల సంగతే అలా ఉంటే, ‘ఆ ఆకులూ అలములూ ఎవరు తినమన్నారు’ అని గదమాయించే డాక్టరు ముందు కౌతాళం కూలీ నోరు విప్పుతాడా? విప్పకపోతే నష్టం అతనిదే. షుగర్ మాత్రలు వేసుకుంటూ మెంతుల పొడో, నల్లజీలకర్ర నూనో ఎక్కువగా తీసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. నెత్తురును పలచబరిచే మందులు వాడేవాళ్లకు వెల్లుల్లి కషాయం, కొన్ని మూలికలు రక్తస్రావం తెప్పించవచ్చు. డాక్టరు చేతిలో చీటీ ఉంది, రోగి కొంగులో పొట్లం ఉంది, రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదు.

డాక్టర్లు అడగాలి. ‘ఇంట్లో ఇంకేమైనా వాడుతున్నావా అమ్మా’ అని మెత్తగా, తప్పు పట్టకుండా అడగాలి. సుగ్గి సీజనులో బయలుదేరే కుటుంబాలకు ఆశా కార్యకర్తలు, సచివాలయం నర్సులు ఒక్క పూట కేటాయించాలి. మూటలో ఏముందో చూసి, ఏది ఉంచుకోవచ్చో, ఏది వద్దో చెప్పాలి, గర్భిణుల పేర్లు పోయే ఊరి ఆరోగ్య కేంద్రానికి ముందే పంపాలి. దీనికి కోట్లు అక్కర్లేదు. కర్నూలు యునాని కళాశాల విద్యార్థులు తమ చదువులో భాగంగా ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో జనం వాడే మందులను రాసిపెట్టినా అది ఈ జిల్లాకు మేలు చేసే పనే అవుతుంది. పసరు పోసే ముసలివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్లకు తెలిసినదానిలో మంచి ఎంతో, చెడు ఎంతో ఎవరూ తూచకముందే అది పోతుంది.

పాఠకుల్లో ఎవరి ఇంట్లోనైనా సుగ్గికి పోయేవాళ్లుంటే, ఆ ఇంటివాళ్లు ఎవరైనా ఆస్పత్రికి బయలుదేరితే, ఒక్క పని చేయించండి. వాడుతున్న పసరు సీసా, పొడి పొట్లం, చూర్ణం డబ్బా, అన్నీ ఒక సంచిలో వేయించి డాక్టరు బల్ల మీద పెట్టించండి. సిగ్గుపడొద్దని చెప్పండి. పాము కరిస్తే మాత్రం సంచి కోసం కూడా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.